ఇరవై మూడో తేదీ

గేటు పక్కన రాతి అరుగు మీద కూర్చుని స్టమాతియా తన వేలిని తిట్టుకుంటోంది. జనవరిలో కంప్యూటరు ముందు కూర్చుని, విల్లా ఏ రోజుల్లో అద్దెకిస్తారో ఏ రోజుల్లో ఇవ్వరో గళ్ళు నింపిన వేలు అది. నిరుడు నింపినట్టే ఏప్రిల్ ఇరవై రెండు, ఇరవై మూడు, ఇరవై నాలుగు గళ్ళను ఎర్రగా చేసి, మిగతా వసంతమంతా పచ్చగా వదిలేసింది. ఇరవై మూడు పునీత యోర్గిస్ పండగ. విల్లా ప్రహరీ లోపల, ఈత కొలనుకు పది అడుగుల దూరంలో ఉన్న చిన్న చర్చి ఆయనదే. ఆ పొద్దున ఊరు ఊరంతా ఈ గేటు దాటి లోపలికి వస్తుంది.

అయితే ఈ ఏడు ఈస్టర్ మే నెలలోకి పోయింది. ఇరవై మూడు ఉపవాసాల నడుమ పడింది. మాంసం ముట్టని ఆ రోజుల్లో యోర్గిస్ పండగ చేయరు, ఈస్టర్ మర్నాడు సోమవారానికి జరుపుతారు. ఊళ్ళో నిన్న మొన్న బడిలో వేసిన పిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది. యాభై రెండేళ్ళ స్టమాతియాకి తెలియదా? తెలుసు. తెలిసి కూడా కంప్యూటరు ముందు కూర్చోగానే ఆమె బుర్ర గడ్డి తింది. ఎర్రగా ఉంచిన మూడు రోజులూ విల్లా ఖాళీగా పడి ఉంది. పచ్చగా వదిలిన ఈస్టర్ ఆదివారం నుంచి వారం రోజులకి ఒక స్విట్జర్లాండ్ పెద్దమనిషి డబ్బు కట్టేశాడు. పండగ రేపే.

విల్లా ఆమె తండ్రి ఇల్లే. ఇప్పుడు తమ్ముడు ఇసిదోర్ పేరు మీద ఉంది. అతను ఏథెన్స్‌లో ఉంటాడు, ఇల్లు చూసుకునేది ఈమె. నిరుడు ఒక అతిథి పక్కింటి కోడి కూస్తోందని ఫిర్యాదు చేస్తే ఇసిదోర్ ఫోన్లో తేల్చి చెప్పాడు: "ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందంటే అమ్మేస్తానక్కా. కొనడానికి కంపెనీ వాళ్ళు కాగితాలు పట్టుకుని కూర్చున్నారు." ఆ కంపెనీ చర్చిని ఒళ్ళు పట్టే గది చేస్తుందని ఊళ్ళో అందరూ అనుకుంటున్నారు. గేటు మూసుకుందంటే ఇక ఎవరికీ తెరుచుకోదు.

రేటో ఆంస్టుట్స్ అనే ఆ స్విస్ పెద్దమనిషి మధ్యాహ్నం దిగాడు. అరవై దాటిన పొడుగాటి మనిషి, చేతిలో ఒకే ఒక చిన్న సంచి. నిజంగా డబ్బున్నవాళ్ళ సామాను ఎప్పుడూ తక్కువే ఉంటుందని స్టమాతియా ఏనాడో కనిపెట్టింది.

"మీరు నాకు కనబడకుండా పని చేసుకుంటే బావుంటుందండీ," అన్నాడు అతను మెత్తగానే. "మీ మీద కోపం ఉండి కాదు. బంగారు కుళాయిలున్న హోటళ్ళు చూశాను. పదిమంది వరసగా నిలబడి దణ్ణాలు పెట్టే చోట్లూ చూశాను. ఇప్పుడు నాకు లగ్జరీ అంటే ఒకటే. చుట్టూ ఎవరూ ఉండకూడదు. దానికే డబ్బు కట్టాను."

ఎవరూ లేకపోవడానికి ఇంత డబ్బా అనుకుంది స్టమాతియా. మొగుడు పోయిన దగ్గర్నుంచీ చలికాలమంతా ఆమెకి అది ఊరికే దొరుకుతోంది, ఇంటినిండా.

"ఆ గంటల చప్పుడేమిటి?" అన్నాడు రేటో.

"మేకలండీ. కొండ మీదివి."

"గంటలు తీయించగలరా?"

"తీస్తే మేకలు తప్పిపోతాయండీ."

అతను "సరే, మేకలు ఉండనివ్వండి," అని పెద్ద మనసు చేసుకున్నాడు.

ఆమె అప్పటికే ఒక ఎత్తు వేసి పెట్టుకుంది. రేపు పొద్దున్నే పడవలో అవతలి ఒడ్డుకు పంపిస్తాను, అక్కడ నరమానవుడు ఉండడు, భోజనం కట్టి ఇస్తాను, మధ్యాహ్నానికి వచ్చేయొచ్చు అంది. రేటో ముఖం మొదటిసారి వెలిగింది. ఆమె గుండె కుదుటపడింది. పొద్దున ఎనిమిదికి అతను పడవెక్కుతాడు, ఎనిమిదిన్నరకి యోర్గిస్ స్వామి పటం ఊరేగింపుగా గేటు లోపలికి వస్తుంది, పన్నెండుకల్లా రాళ్ళు కడిగేసి కుర్చీలు సర్దేస్తే చాలు.

సాయంత్రం అయిదింటికి గాలి తిరిగింది. పడవవాడు ఫోన్ చేసి, "రేపు పడవ కదలదమ్మా, రేవువాళ్ళు ఆపేశారు," అన్నాడు. స్టమాతియా అబద్ధానికి ఇంకో అబద్ధం అతికించే ఓపిక లేక, చేతులు తుడుచుకుని నేరుగా రేటో దగ్గరికి వెళ్ళి ఉన్నదంతా చెప్పేసింది. పండగ సంగతి, తేదీ జరగడం, తన పొరపాటు. రెండు గంటలు, మహా అయితే మూడు. ఎనభై మంది.

"ఎనభై మందా," అన్నాడు రేటో.

"చేతులు పట్టుకుని గుండ్రంగా ఆడే ఆట కూడా ఉంటుందండీ. కొలను తవ్వకముందు అక్కడ కళ్ళం ఉండేది. ఆ కళ్ళంలో ఆడేవాళ్ళు. ఇప్పుడు కొలను చుట్టూ ఆడతారు. ఏటా ఎవడో ఒకడు నీళ్ళలో పడతాడు." ఎందుకు చెప్పిందో ఆమెకే తెలియదు, నోరు ఆగలేదంతే.

అతను నవ్వలేదు. "చూడండమ్మా, మీ దేవుడంటే నాకు గౌరవం. కానీ కాగితం మీద ఏం రాసి ఉంది? బయటివాళ్ళు ఒక్కరు కూడా లోపలికి రారని. గేటు తెరిచారంటే, తెరిచిన నిమిషానికే నేను ఏజెన్సీకి ఫోన్ చేస్తాను. మీ తమ్ముడికీ చేస్తాను."

ఆమె అక్కణ్ణుంచి తిన్నగా ఊరి చర్చి ఫాదర్ పాపా యాకోవోస్ ఇంటికి నడిచింది. ఫాదర్ గుమ్మంలో కూర్చుని రేపటి కోసం కొవ్వొత్తులు కట్టలు కడుతున్నారు. విషయమంతా విని, కట్టడం ఆపలేదు.

"ఈ రాత్రి ఆ కప్పు కింద పడుకునేది ఎవరు?" అన్నారు.

"ఆ స్విస్ ఆయనే."

"అయితే రేపు ఇంటి యజమాని ఆయనే. పండగ రొట్టె ఆయన చేతికే ఇస్తాను. మీ నాన్న ఉన్నప్పుడు మీ నాన్నకి ఇచ్చాను, మీ ఇసిదోర్ ఉన్న ఏడు వాడికిచ్చాను. ఎవరు పడుకుంటే వాళ్ళే. అదేగా మన పద్ధతి."

"ఫాదర్, ఆయన పోలీసుల్ని పిలుస్తాడు."

"పిలవనీ. ఉన్నది ఒక్క పోలీసు. రేపు వయొలిన్ వాయించేది వాడేగా."

"నవ్వులాట కాదు ఫాదర్. ఇసిదోర్ అమ్మేస్తాడు."

ఆయన అప్పుడు కట్ట పక్కన పెట్టారు. "నిన్ను తెరవమని నేను చెప్పను తల్లీ. మేమైతే వస్తాం. తెరిచి ఉంటే లోపల చేసుకుంటాం. మూసి ఉంటే స్వామిని గేటు ముందు దింపి, రోడ్డు మీదే చేసుకుంటాం. నీ మీద ఎవరూ మాట తూలరు, నేను చూసుకుంటాను."

తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేదనిపించింది ఆమెకి. తెరిస్తే తమ్ముడు అమ్మేస్తాడు, గేటు జన్మకి మూసుకుంటుంది. మూస్తే ఊరు పుట్టాక మొదటిసారి స్వామి బయట నిలబడతాడు, ఆ మూసిన చెయ్యి తనది అవుతుంది. ఎటు తిప్పి చూసినా రెండూ ఒకే గోతిలో తేలుతున్నాయి.

సోమవారం పొద్దున చర్చి గంటలు మోగేసరికి ఆమె గేటు లోపలి పక్కన నిలబడి ఉంది. గేటు అంకెలతో తెరుచుకునేది, ఆ అంకెలు ఆమెకీ అతిథికీ తప్ప ఎవరికీ తెలియవు. వెనక కొలను దగ్గర రేటో తెల్లటి తువ్వాలు అంగీలో ఈతకు సిద్ధమవుతున్నాడు. ఆమెను చూశాడు. ఫోన్ తీసి బల్ల మీద, చేతికి అందేలా పెట్టుకున్నాడు.

పాట దగ్గరకొచ్చింది. గేటు కమ్మీల అవతల ముందు కొవ్వొత్తులు, వెనక నలుగురి భుజాల మీద వెండి తొడుగు వేసిన స్వామి పటం. జనం ఆగారు. ఎవరూ తలుపు తట్టలేదు, ఎవరూ పిలవలేదు. మోసేవాళ్ళలో ఒకడు భుజం మార్చుకున్నాడు. తొంభై ఏళ్ళ అర్గీరో ముసలమ్మ రోడ్డు మీదే నెమ్మదిగా మోకాళ్ళు వంచబోయింది. కంకర మీద. అది చూసి స్టమాతియాకి ఒళ్ళు మండింది, ఎవరి మీదో కాదు, తన మీదే. ఆలోచన అక్కడితో ఆగిపోయింది. వేలు దానంతటదే అంకెలు నొక్కేసింది.

గేటు తెరుచుకుంది. రేటో ఫోన్ అందుకున్నాడు.

అతను నంబరు నొక్కేలోపే ఫాదర్ అతని ముందు నిలబడ్డారు, రెండు చేతుల మీద బండి చక్రమంత రొట్టె. రొట్టెను అతని చేతుల్లో పెట్టారు. అంత బరువును ఒక చేత్తో పట్టుకోవడం ఎవరి వల్లా కాదు. ఫోన్ అంగీ జేబులోకి పోయింది. ఫాదర్ అతని మోచెయ్యి పట్టుకుని చర్చి గుమ్మంలో నిలబెట్టారు, ఇంటి యజమాని నిలబడే చోట. ఎనభై మందీ ఒక్కొక్కరే వచ్చి, ముందు అతనికి, తర్వాత స్వామికి, "నూరేళ్ళు" అని చెప్పి లోపలికి వెళ్ళారు. అర్గీరో ముసలమ్మ అతని చెంప తడిమి, "బక్కచిక్కిపోయావేంటయ్యా," అంది. ఆ భాష అతనికి అర్థం కాలేదు. గంటన్నర సేపు అతను రొట్టె పట్టుకుని కర్రలా నిలబడ్డాడు, ముఖంలో ఏముందో స్టమాతియా ఎంత చూసినా తెలియలేదు. ఆట మొదలైంది, పోలీసు వయొలిన్ వాయించాడు, మంగలి నీళ్ళలో పడ్డాడు. అప్పుడు రేటో రొట్టెను బల్ల మీద పెట్టి, ఫోన్ తీసుకుని, ఇంటి వెనక్కి వెళ్ళిపోయాడు. అయిపోయింది అనుకుంది స్టమాతియా. మేక మాంసం వడ్డించింది, గిన్నెలు కడిగింది.

జనం వెళ్ళాక అతనే వంటింట్లోకి వచ్చాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"ముప్పై ఏళ్ళుగా దేశాలు తిరుగుతున్నాను," అన్నాడు. "నా చెంప ఎవరూ తడమలేదు. లగ్జరీ అంటే ఎవరూ లేకపోవడం అనుకున్నాను, పొరపాటు పడ్డాను. డబ్బుకి దొరకనిది ఇదే."

స్టమాతియా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పట్టరాని సంతోషం వేసింది.

"అందుకే ఎంతవుతుందో మీ తమ్ముణ్ణి అడిగాను," అన్నాడు రేటో.

ఆమె చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.

"వచ్చే ఏడు పండగకి ఈ ఇల్లు నాదే. రొట్టె నాకే ఇవ్వాలి. జనం మాత్రం ముప్పై మంది చాలు. ఆ పెద్దావిడ తప్పకుండా ఉండాలి. ఫోన్లు తెచ్చుకున్నవాళ్ళు వద్దు, చూడ్డానికి బాగోదు."

ఫోన్ మోగింది. ఇసిదోర్ గొంతులో పెళ్ళి సందడి. "అక్కా, ఏం చేశావో గానీ బంగారం చేశావు! ఇంక అమ్మే మాటే లేదు. ఏడాదికోసారి పండగ ఆయనకి చేద్దాం. ఇలాంటివాళ్ళు ఇంకా ఉన్నార్ట, వేసవిలో నెలకోసారి పెట్టుకోవచ్చు. ఫాదర్‌కి ఎంతో కొంత ఇద్దాం. ఏమంటావ్?"

కాదంటే ఇల్లు అమ్ముడుపోతుంది, ఔనంటే పండగే అమ్ముడుపోతుంది.

"అక్కా, ఉన్నావా? వచ్చే ఏడు ఏ రోజు? ఇరవై మూడేగా, ఎప్పుడూ ఉండేదే?"

వంటింటి గోడకి ఫాదర్ ఇచ్చిన కేలెండరు వేలాడుతోంది. దాని అట్ట మీద రాబోయే ఏళ్ళ ఈస్టర్ తేదీలు వరసగా అచ్చువేసి ఉన్నాయి. స్టమాతియా తలెత్తి చూసింది. వచ్చే ఏడు ఈస్టర్ ఏప్రిల్ ఇరవై నాలుగు, ఆదివారం. ఏథెన్స్‌లో ముప్పై ఏళ్ళున్న తమ్ముడు మరిచిపోయాడు. తను మరిచిపోగా లేనిది, వాడు మరిచిపోడూ?

"ఆఁ," అంది. "ఇరవై మూడే."

"అయితే ఇరవై రెండు నుంచి ఇరవై నాలుగు మధ్యాహ్నం దాకా ఆయన పేర రాసెయ్."

ఆమె కంప్యూటరు ముందు కూర్చుంది. రేటో పక్కనే నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, పరీక్ష రాసే పిల్లాడిలా చూస్తున్నాడు. అతన్ని చూస్తే ఆమెకి నిజంగానే జాలి వేసింది. అయినా వేలు ఆగలేదు. ఇరవై రెండు, ఇరవై మూడు, ఇరవై నాలుగు. ఒక్కో గడిలో అతని పేరు కొట్టింది. ఇరవై అయిదు, సోమవారం, ఎర్రగా చేసింది.

ఇరవై మూడు ఉపవాసాల్లో ఆఖరి శనివారం. ఊరు తలుపులు దగ్గరకేసుకుని, రాత్రి ఈస్టర్ విందుకి ఇళ్ళలో వంట చేసుకుంటూ ఉంటుంది. గేటు బార్లా తెరిచే ఉంటుంది, తనే దగ్గరుండి తెరుస్తుంది. రేటో ఎనిమిదింటికి తెల్లటి అంగీ వేసుకుని చర్చి గుమ్మంలో నిలబడి, రొట్టె కోసం చేతులు చాపి ఎదురుచూస్తాడు. ఎవరూ రారు. మొదట అతను డబ్బు కట్టింది దానికే.