ట్యూబ్‌లైటు కింద పాలకూర

ఏలూరులో చేపల మేత అమ్మే కంపెనీ ఒకటుంది. దాని ఆఫీసులో వెనక గదికి కిటికీ లేదు. ఒకప్పుడు ఉండేదట, పక్క షాపువాడు దానికి అడ్డంగా గోడ లేపేశాడు. ఆ గదిలో కంప్యూటరు ముందు కూర్చునే సాయిదుర్గకి బయట ఎండ కాస్తోందో వాన పడుతోందో టీకి వెళ్తే తప్ప తెలియదు. అలాంటి చీకటి కొట్టులో పాలకూర పండిస్తానని ఆ పిల్ల బయల్దేరితే ఆఫీసంతా ముక్కున వేలేసుకుందంటే వాళ్ళనేం అనగలం?

మేనేజరు నరసరాజు గారు అయితే పకపకా నవ్వారు. చుట్టూ ఇంత పచ్చని డెల్టా పెట్టుకుని ఇనుప బీరువా మీద వ్యవసాయమేంటమ్మా అన్నారు. కంప్యూటరు మీద చుక్క నీళ్ళు పడినా ఊరుకోనన్నారు. ఆయన నోరు అంతే, మనసు మంచిది.

సంగతేమిటంటే, దుర్గ తండ్రి సత్తియ్యకి రెండు కిడ్నీలూ పోయాయి. కొల్లేటి లంకలో పుట్టి, ముప్పై ఏళ్ళు చేపల చెరువుల గట్ల మీద బతికిన మనిషి. మంగళవారం, శుక్రవారం డయాలసిస్ చేయించుకోవాలి కాబట్టి ఇల్లూ వాకిలీ వదిలేసి, భార్య అచ్చమ్మతో, కూతురితో ఏలూరులో ఓ ఒంటిగదిలో పడి ఉంటున్నాడు.

మొదట్లోనే డాక్టరు దుర్గని పక్కకి పిలిచి చెప్పారు. కొబ్బరినీళ్ళు, అరటిపళ్ళు, ఆకుకూరలు వద్దు, వాటిలో పొటాషియం ఉంటుంది, మీ నాన్న ఒంట్లోంచి అది సరిగ్గా బయటికి పోదు, పెరిగితే గుండె ఆగిపోతుంది అన్నారు. దుర్గ ఇంటికొచ్చి తల్లితో ఇవి పడవటమ్మా అని మాత్రం అంది. గుండె మాట ఎత్తలేదు. అచ్చమ్మ అసలే బెంగ మనిషి, ఆ మాట చెవిన పడితే ఇక మొగుడి రొమ్ము మీద చెయ్యేసుకునే కూర్చుంటుంది. అందుకని కడుపులోనే దాచుకుంది. మంచికే అనుకుంది పిచ్చితల్లి.

సత్తియ్య జన్మలో నాకిది కావాలని నోరు తెరిచి అడిగినవాడు కాడు. అలాంటివాడు ఓ పూట కంచం పక్కకి నెట్టి, గోడవైపు తిరిగి, "కాసింత పాలకూర తిని సచ్చిపోయినా బావుండునే" అన్నాడు. అచ్చమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. 

మర్నాడే దుర్గ ఆసుపత్రిలో ఆహారం సంగతి చెప్పే మేడమ్‌ని పట్టుకుంది. ఆవిడ ఆలోచించి, ఎప్పుడైనా ఒక గుప్పెడు పెట్టొచ్చంది. సన్నగా తరిగి, బోలెడు నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, అప్పుడు వండాలి. పొటాషియం చాలావరకు నీళ్ళలోకి దిగిపోతుందంది.

బజారు కూర సత్తియ్య ముట్టడు. చెరువుల్లో తన చేత్తో ఎన్ని మందులు కలిపాడో, ఏ ఆకు చూసినా మందు కొట్టిందే అంటాడు. అద్దెగదికి ఎండ రాదు, డాబా మెట్లకి ఓనరు తాళం. ఇక ఆ పిల్లకి మిగిలింది ఆఫీసు బీరువా ఒక్కటే.

మొదట వేసింది తోటకూర. నాలుగు రోజులకే దారాల్లాగా సాగి, తలలు వాల్చి చచ్చింది. అప్పుడర్థమైంది, లైటు పైకప్పుకి ఉంటే చాలదని. తెల్ల ట్యూబొకటి కొని బీరువా పక్కన రాక్‌లో మొక్కలకి జానెడు ఎత్తున కట్టించింది. కొబ్బరిపొట్టులో అచ్చమ్మ లంక నుంచి తెప్పించిన ఒండ్రుమట్టి కలిపి, మూడు ట్రేల్లో పాలకూర గింజలు చల్లింది. పొద్దున రాగానే లైటు వెయ్యడం, సాయంత్రం ఏడింటికి ఇంటికెళ్తూ ఆర్పడం. ఆకు పల్చగా, లేతగా వచ్చింది గానీ వచ్చింది. నలభయ్యో రోజున నరసరాజు గారే చాటుగా ఒక ఆకు తుంపి నమిలి, ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోయారు.

మొదటి గుప్పెడు ఇంటికి తెచ్చిన మర్నాడు పొద్దున, బస్సు టైమైపోతోందని గుమ్మంలో నిలబడి చెప్పులు తొడుక్కుంటూనే తల్లికి చెప్పింది, ఆసుపత్రిలో ఇది కాస్త పెట్టొచ్చన్నారు, ఉడకబెట్టి నీళ్ళు వార్చి పారబొయ్యమ్మా, తర్వాత వేపు అని. ఎందుకో చెప్పలేదు. అచ్చమ్మ సరేలే అంది.

ఆ రాత్రి సత్తియ్య కంచం తుడుచుకుని తిన్నాడు. కూతురి చెయ్యి పట్టుకుని, "నీ సెయ్యి సల్లగుండ" అన్నాడు. అప్పట్నించి వారానికి రెండు గుప్పెళ్ళు. మనిషి మొహంలో కాస్త కళొచ్చింది. ఆ నెలన్నరా దుర్గ ఎంత సంతోషంగా ఉందో చెప్పలేం.

ఓ శుక్రవారం డయాలసిస్ అయింది. శని, ఆది, సోమ వరసగా ఆఫీసుకి సెలవులు. లైటు వేసేవాళ్ళు లేక వాడిపోతుందని దుర్గ ఆ సాయంత్రం మూడు ట్రేలూ కోసి సంచి నిండా తెచ్చింది. నీళ్ళు పారబోస్తే భయమేముందిలే అనుకుంది. అచ్చమ్మ రోజూ కాస్త వండింది. సెలవులు కదాని దుర్గ చిన్నమ్మని చూడ్డానికి తాడేపల్లిగూడెం వెళ్ళింది. సోమవారం పదింటికి తల్లి ఫోను. కాళ్ళు బరువుగా ఉన్నాయన్నాడట సత్తియ్య, లేవబోయి కూలబడిపోయాడట. దుర్గ ఏలూరు ఆసుపత్రికి చేరేసరికే అంతా అయిపోయింది.

పొటాషియం విపరీతంగా పెరిగిందని డాక్టరు చెప్పారు. పళ్ళు గానీ కొబ్బరినీళ్ళు గానీ ఏమైనా పెట్టారా అని మళ్ళీ మళ్ళీ అడిగారు. అచ్చమ్మ దేవుడి మీద ఒట్టేసి లేదంది. దుర్గ కూడా లేదంది.

ఇక ఆ పిల్ల మనసు మనసులో లేదు. ఒండ్రుమట్టిలో ఏముందో, ఆఫీసంతా ఎగిరే మేత పొడి ఆకుల మీద పడిందో, నేను సంచెడు తేకుండా ఉంటే బతికేవాడో అని తొమ్మిది రోజులు తనని తానే పొడుచుకుంది. పదో రోజు సెలవు పొడిగించమని అడగడానికి ఆఫీసుకి వెళ్తే, వెనక గదిలో లైటు వెలుగుతోంది. కోసిన మొదళ్ళ నుంచి పాలకూర మళ్ళీ గుబురుగా లేచింది. నరసరాజు గారు రోజూ స్వయంగా నీళ్ళు పోశారట. ఆయన మొహం పక్కకి తిప్పుకుని, "పెద్దదినానికి కావాలేమోనమ్మా, నాన్నగారికి ఇష్టం కదా" అన్నారు. దుర్గ ఆ ట్రేలని గోడకేసి కొట్టాలనుకుని, కొట్టలేక, కోసి తెచ్చింది.

పెద్దదినం పొద్దున అచ్చమ్మ పొయ్యి ముందు కూర్చుంది. పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టాలి. పాలకూర సన్నగా తరిగింది. బోలెడు నీళ్ళు పోసి ఉడికించింది. గిన్నె మీద చిల్లుల పళ్ళెం బోర్లించి నీళ్ళు వార్చింది. కూతురు చెప్పింది చెప్పినట్టే చేసింది. ఆ తర్వాత ఆ ఆకుపచ్చ నీళ్ళలో మిరియాలు, వెల్లుల్లి దంచి వేసి, మళ్ళీ పొయ్యి మీద పెట్టింది.

దుర్గ ఒక్కంగలో పొయ్యి దగ్గరికొచ్చింది. అదేంటమ్మా అని అడిగింది.

"మిరియాల సారు," అంది అచ్చమ్మ. "మీ నాన్నకి పేణం. లంకలో జొరమొచ్చినోళ్ళకి మా అమ్మ ఇదే పోసేది. కూరలో బలమంతా నీళ్ళలోకే దిగుద్ది, పారబోత్తే ఏం మిగుల్తాది? నువ్వు కోప్పడతావని సెప్పలేదు. నీళ్ళు తక్కువ తాగమన్నారు గదా, ఉత్త నీళ్ళ బదులు ఇయ్యే పట్టేదాన్ని. ఆకరి మూడు రోజులూ పూటకో గళాసు తాగేడు. ఒక్క సుక్క ఒలకబొయ్యలేదమ్మా, బలమంతా ఆయనకే పెట్టేను."

ఆ నీళ్ళు ఎందుకు పారబొయ్యాలో, గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ దుర్గ మింగేసిన ఆ ఒక్క ముక్క ఇప్పుడు నాలుక చివరికొచ్చింది. చెప్పేస్తే తల్లికి బతికినన్నాళ్ళూ ఏడవడానికి అది చాలు. చెప్పకపోతే తనకి చాలు.

అచ్చమ్మ విస్తరి పక్కన పెట్టడానికి ఒక గ్లాసు పోసి, రెండోది కూతురి చేతికిచ్చింది. చిక్కి సగమైపోయావు, తాగమంది. దుర్గ నిలబడే తాగింది. వేడివేడిగా, ఘాటుగా, నిజంగానే బావుంది. ఆ బావుండటమే ఆమె భరించలేకపోయింది.

"అది సరే గానీ," అంది అచ్చమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "ఆయనకి ఏం పెట్టేరని అన్నిసార్లు అడిగేడేంటే ఆ డాక్టరు?"

"ఊరికేనమ్మా. అందర్నీ అడుగుతారు."

అచ్చమ్మ తలూపింది. ఖాళీ గ్లాసు తీసుకుని, నాన్న లేకపోయినా ఆ కూర మానొద్దని, వారం వారం తెస్తూ ఉండమని, ఇద్దరం తాగుదామని అంది.

"తెస్తానమ్మా" అంది దుర్గ.