విరిగాయా, విరగ్గొట్టారా

ఆ ఇంట్లో ఏదీ దానంతట అది పగలదు. అత్తగారి చట్టం అది. కొడుకు చిన్నప్పుడు "చొక్కా చిరిగిందమ్మా" అంటూ వస్తే, "చించాను అను, అప్పుడు కుడతాను" అనేవారట. అతనికిప్పుడు బట్టతల వచ్చినా ఆ భయం పోలేదు. మొన్న కళ్ళజోడు మీద కూర్చుని, "కళ్ళజోడు విరి..." అని మొదలుపెట్టి, నాలిక్కరుచుకుని, "విరగ్గొట్టానమ్మా" అని ముగించాడు. కాపురానికొచ్చిన కొత్తలో కోడలికి ఇదంతా చాదస్తంగా తోచింది. ఇప్పుడు పాలు పొంగినా "పొంగించానత్తయ్యా" అనడం ఆమెకీ అలవాటైపోయింది.

అలాంటి ఇంటి మెట్లు ఒక పొద్దున్న ముక్కలయ్యాయి. మురుగు పైపు వేస్తామని మున్సిపల్ ఆఫీసువాళ్ళు వీధి తవ్వారు. తవ్వే యంత్రం వెనక్కొస్తూ మెట్లను గుద్దింది. పైపు పూడ్చి, చేతులు దులుపుకుని అందరూ వెళ్ళిపోయారు. గుమ్మానికీ నేలకీ మధ్య నడుమెత్తు గాలి మిగిలింది. కోడలు దూకుతుంది, మొగుడు మూలుగుతూ దిగుతాడు. మోకాళ్ళ నొప్పులున్న అత్తగారు మాత్రం గడప దగ్గరే ఆగిపోయారు. సాయంత్రమయ్యేసరికి వీధి చివర స్నేహితురాలింటికి వెళ్ళి, లోకం మీద తీర్పులు చెప్పి రాకపోతే ఆవిడకి ఊపిరాడదు. ఇప్పుడా తీర్పులన్నీ ఇంట్లోనే, కోడలి కూర మీద పడుతున్నాయి.

మెట్లు రాకపోతే తన కూరకి విముక్తి లేదని తేల్చుకుని కోడలు ఆ ఆఫీసుకెళ్ళింది.

"చూశానండీ. మెట్లు విరిగాయి," అన్నాడు ఇంజనీరు సానుభూతిగా.

"ఎవరు విరగ్గొట్టారు?"

"పని జరుగుతుండగా విరగడం జరిగింది."

"ఆ పని ఎవరు చేస్తున్నారు?"

"పని... జరుగుతోంది మేడమ్. పొరపాటు జరిగింది. విచారణ జరుగుతుంది."

కోడలికి ముచ్చటేసింది. ఇన్ని మాటల్లో వెతికినా ఒక్క మనిషి కనబడడు. "మీరు పెళ్ళి చేసుకున్నారా, లేక అదీ జరిగిందేనా?"

"అది మాత్రం నిజంగానే జరిగిందండీ," అన్నాడు ఇంజనీరు. అతను మనస్ఫూర్తిగా చెప్పిన మొదటి మాట అదే.

"పోనీ, విరగ్గొట్టామని ఒక్క మాట అంటే మీ సొమ్మేం పోతుంది?"

"విరిగినవైతే మాకు సంబంధం లేదండీ. విరగ్గొట్టినవైతే మా మేస్త్రీ వచ్చి కట్టాలి. అంత తేడా ఉంది మరి."

కోడలు ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పింది. అత్తగారు అంతా విని, "రేపు నన్ను దింపండి," అన్నారు.

మర్నాడు ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, కొడుకో పక్క, టాక్సీ డ్రైవరో పక్క పట్టుకుని కిందికి దించారు. కోడలు వెంట వెళ్ళింది. ఇంజనీరు గదిలో లేడు. అత్తగారు నెమ్మదిగా బల్ల చుట్టూ తిరిగి, అతని కుర్చీలో సర్దుకున్నారు. అతనొచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అమ్మగారూ, అది నా కుర్చీ."

"తెలుసు నాయనా. కూర్చోవడం జరిగింది."

"నాకు పనుందమ్మా, లేవండి."

"లేవడం జరుగుతుంది. ముందు విచారణ జరగాలి కదా."

ఇంజనీరు కోడలి వంక చూశాడు. కోడలు కిటికీ వంక చూసింది. అతను బల్ల మీది పళ్ళెం చూసి, "ఇక్కడ నా బిస్కెట్లుండాలే," అన్నాడు.

"అయిపోయాయి."

"ఎవరు తిన్నారు?"

"తినబడ్డాయి," అన్నారు అత్తగారు, మూతి మీది పొడి తుడుచుకుంటూ.

పక్కగది గుమాస్తాలు గుమ్మంలో మూగారు. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీరే తిన్నారని కనబడుతూనే ఉంది కదమ్మా," అన్నాడు ఇంజనీరు నీరసంగా.

"మీ యంత్రం గుద్దడం నాకూ కనబడింది. అప్పుడు మా ఇంటి కిటికీ దగ్గరే ఉన్నాను. ఇప్పుడు చెప్పు. మెట్లు?"

ఇంజనీరు గుమాస్తాల వైపు చూశాడు. వాళ్ళలో ఒక్కరూ కదల్లేదు. "విరగ్గొట్టాం," అన్నాడు.

"ఎవరు?"

"మేమే. అసలు... నేనే దగ్గరుండి, రా రా అని వెనక్కి రానిచ్చాను."

అత్తగారు లేచారు. "బిస్కెట్లు నేనే తిన్నాను. మెత్తబడిపోయాయి, డబ్బా మూత సరిగ్గా పెట్టుకో."

మేస్త్రీ వచ్చి మెట్లు కట్టి, ఆరేదాకా ఎవరూ కాలు పెట్టొద్దని చెప్పి వెళ్ళాడు. తర్వాతి సాయంత్రం ఇంజనీరే స్వయంగా చూడ్డానికొచ్చాడు. పై మెట్టు మధ్యలో, కాస్త పక్కకి ఒరిగి, లోతైన అడుగు ఒకటుంది.

"ఇదేంటి మేడమ్?"

రోజూ తైలం రాసే పాదాన్ని కోడలు పోల్చుకోకుండా ఎలా ఉంటుంది? "అడుగు పడిందండీ," అంది ఎటో చూస్తూ.

ఇంజనీరు ముఖం విప్పారింది. అతను నోరు తెరిచేలోపే లోపల్నుంచి గొంతు వినిపించింది. "పడింది అనకమ్మాయ్. మా అత్తయ్య ఆగలేక వేశారు అను."

"మేస్త్రీని మళ్ళీ పంపనా అమ్మగారూ?"

"ఎందుకూ? ఇది చెడగొట్టింది నువ్వు కాదుగా," అంటూ అత్తగారు బయటికొచ్చి, కొలిచి చేసినట్టున్న ఆ గుంటలోనే కాలు పెట్టి దిగి, వీధి చివరికి బయల్దేరారు.

ఆ పూట కూర గురించి ఎవరూ ఏమీ అనలేదు.