చెంపతో చూసిన మట్టి

మా మట్టిబొమ్మల స్టూడియోలో నన్ను చెంప పిన్ని అంటారు. బొమ్మ ఏదైనా సరే, బట్టీలో పెట్టేముందు నా దగ్గరికి తెస్తారు. నేను చెంపకి ఆనించి చూస్తాను. చల్లగా తగిలిందంటే లోపల ఇంకా నీళ్ళున్నట్టు. తగలకపోతే ఎండినట్టు. అరచేతికి అందని చల్లదనం చెంపకి అందుతుంది. ఇరవై రెండేళ్ళలో నేను ఎండిందన్న బొమ్మ ఒక్కటీ బట్టీలో పగల్లేదు. ఈ మాట రోజుకోసారైనా అనేదాన్ని. ఇప్పుడు అనడం మానేశాను. ఎందుకో చెప్తాను.

మాది ఒకప్పటి లారీ షెడ్డు. చుట్టుపక్కల ఎవరొచ్చినా మట్టి చేతికిచ్చి కూర్చోబెడతాం. షిఫ్టు దిగి వచ్చేవాళ్ళు, పిల్లల్ని బడిలో దింపి వచ్చే తల్లులు, ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక వచ్చే పెద్దవాళ్ళు, అందరూ ఉంటారు. నేర్పేది ఇద్దరం. నేనొకదాన్ని. రెండోది తూకం పిల్ల. ఆ పేరు నేను పెట్టిందే. ముప్పై ఏళ్ళు నిండలేదు. చేయి మంచిది, కాదనను. కానీ ఎండబెట్టిన ప్రతి బొమ్మనీ రోజూ పొద్దున త్రాసు మీద పెట్టి బరువు రాసుకుంటుంది. బరువు తగ్గడం ఆగిపోతే నీళ్ళు అయిపోయినట్టంట. "ఏమ్మా, కూరగాయల బండి పెట్టావా?" అని అందరి ముందూ ఆడిపోసుకునేదాన్ని. అందరూ నవ్వేవాళ్ళు. తనూ నవ్వేది, రాయడం మాత్రం మానేది కాదు. అదే నాకు ఒళ్ళుమంట.

ఇక డ్రైవర్ సంగతి. ముప్పై నాలుగేళ్ళు బస్సు తోలి దిగిపోయిన మనిషి. తల్లి పోతే పన్నెండేళ్ళ అక్క చంకనేసుకుని పెంచింది. ఆ అక్కయ్యగారికి పదేళ్ళ కింద చూపు పోయింది. అప్పటినుంచీ తమ్ముడి దగ్గరే ఉంది. ఇప్పుడు ఆవిడ కూతురొచ్చి తీసుకెళ్తోంది. శనివారం మధ్యాహ్నం రైలు. రెండు రోజుల ప్రయాణం, మళ్ళీ ఎప్పుడు కలుస్తారో తెలీదు. "నీ మొహం నాతో ఇచ్చి పంపరా. నువ్వు గుర్తొచ్చినప్పుడు తడుముకుంటాను" అందట ఆవిడ.

అందుకని తన తలని తానే మట్టితో చేయడం మొదలుపెట్టాడు. ఎదురుగా అద్దం పెట్టుకుని రెండు నెలలు చేశాడు. చేతులు వణుకుతాయి పాపం, మీసం ఒక్కటే పదకొండు సార్లు పీకి పెట్టాడు. మొహం అయ్యాక, "పిన్నిగారూ, తల వెనక అద్దంలో కనబడదే, ఎలా చేయను?" అనడిగాడు. నేనేదో పనిలో ఉండి, "కనబడకపోతే తడుముకుని చెయ్యండి, చేతులు లేవా?" అని కసిరాను. నోరెత్తకుండా కళ్ళు మూసుకుని, ఒక చెయ్యి తల మీద, ఒక చెయ్యి మట్టి మీద పెట్టుకుని చేశాడు.

గురువారం పొద్దున బట్టీ వెయ్యాలి. కాలడానికీ చల్లారడానికీ కలిపి శనివారం పొద్దుటికి సరిపోతుంది. ఆ రోజు కాకపోతే ఇక అందదు.

ఆ పొద్దున వాన. దానికి తోడు కోసేసే గాలి. బస్సు రాక నలభై నిమిషాలు నడిచొచ్చాను. గొడుగు ఉన్నా లేనట్టే. తల తుడుచుకుంటూనే డ్రైవర్ బొమ్మని ఎత్తి చెంపకి ఆనించాను. చల్లగా తగల్లేదు.

"ఎండింది. పెట్టెయ్" అన్నాను.

తూకం పిల్ల పుస్తకం తిప్పింది. "పిన్నీ, నిన్నటికీ ఇవాళ్టికీ నలభై గ్రాములు తగ్గింది. ఇంకా తగ్గుతూనే ఉంది. బట్టీ వేడిని ఎనభై డిగ్రీల దగ్గర ఆపి మధ్యాహ్నం దాకా ఉంచుదామా? అయినా శనివారానికి అందుతుంది."

"ఇరవై రెండేళ్ళ చెంప కంటే నీ త్రాసు ఎక్కువా?"

తను పుస్తకం మూసేసింది. తల పై అరలో, కింద మిగతావాళ్ళ కప్పులూ కుండీలూ. డ్రైవరే తన చేత్తో తలని లోపల పెట్టాడు. తలుపు వేసి నేనే స్విచ్ నొక్కాను.

గంట తర్వాత అక్కయ్యగారు కూతురి చెయ్యి పట్టుకుని వచ్చింది. వెళ్ళిపోయే ముందు తమ్ముడు పని చేసిన చోటు చూసుకోవాలని. చూసుకోవడమంటే ఆవిడకి తడుముకోవడమే. బల్ల తడిమింది, చక్రం తడిమింది, తర్వాత "నా తమ్ముడికి నేర్పిన అమ్మ ఎక్కడ?" అంది. దగ్గరికెళ్ళాను. రెండు చేతులతో నా మొహం పట్టుకుంది.

"అయ్యో తల్లీ, చెంపలింత చల్లగా ఉన్నాయేంటి? వానలో వచ్చావా? ఇంకా వేడి పట్టలేదే నీకు."

నా చెయ్యి నా చెంప మీదికి వెళ్ళింది.

చల్లటి చెంపకి చల్లటి మట్టి చల్లగా ఎందుకు తగులుతుంది? కొత్తగా వచ్చినవాళ్ళకి మొదటి రోజు నేనే చెప్తాను, బయటినుంచి వచ్చీరాగానే చూడకండి, మొహం వెచ్చబడనివ్వండి అని. నేను చెప్పే మాటే నేను మరిచిపోయాను. మట్టిలో నీళ్ళుంటే, వేడి ఎక్కేకొద్దీ ఆవిరవుతాయి. బయటికి దారి దొరక్కపోతే బొమ్మని బద్దలు కొట్టుకుని వస్తాయి.

ఆవిడింకా మాట్లాడుతూనే ఉంది. "మొన్న సోమవారం సాయంత్రం వీడు నాకు చూపించడానికి ఇంటికి తెచ్చాడమ్మా. ముక్కు మరీ సన్నంగా అనిపించింది. నీకు అంత ముక్కు ఎక్కడిదిరా, ఇంకాస్త మట్టి పెట్టు అన్నాను. తడి చేసి పెట్టాడు."

డ్రైవర్ సిగ్గుగా నవ్వాడు. చెప్తే నేను తిడతానని నాకు చెప్పలేదు.

బట్టీ మీద ఎర్ర అంకెలు చూశాను. తొంభై నాలుగు డిగ్రీలు.

నోరు తెరిస్తే చాలు. నేను తప్పు చూశాను, ఆపెయ్యండి అంటే అయిపోయేది. తూకం పిల్ల అక్కడే, నాలుగడుగుల దూరంలో బల్ల తుడుస్తోంది. ఇంకో ఆరుగురు నేర్చుకునేవాళ్ళున్నారు. రోజూ నా మాటలకి నవ్వేవాళ్ళే. వాళ్ళ ముందు, ఆ పిల్ల ముందు, నేను. ఆ మాట పైకి రాలేదు.

"టీ తాగుతారా?" అన్నాను అక్కయ్యగారితో.

నాకే సిగ్గేసింది ఆ మాటకి. అయినా వెళ్ళి టీ పెట్టాను. తొంభై తొమ్మిది. ఇన్ని రోజులు ఎండిన మట్టే కదా, ముక్కొక్కటే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. గ్లాసులు అందించాను. నూట ఆరు. పుస్తకం బల్ల మీదుంటే, గుడ్డ తీస్తున్నట్టు నటించి తెరిచి చూశాను. డ్రైవర్ తల, మంగళవారం, బుధవారం, గురువారం. ఆ పిల్ల గుండ్రటి రాతలో బరువు తగ్గుతూనే ఉంది. తనకి అనుమానం రాలేదని కాదు. తలెత్తి నన్ను చూసింది. అడగలేదు. అడిగితే ఏమంటానో తనకి తెలుసు.

డ్రైవర్ బట్టీ ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు, బస్సులో కూర్చున్నట్టే, రెండు చేతులూ ముందుకి చాపి. వెచ్చగా ఉందని అక్కని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. వాళ్ళ వీపులు చూశాక ఇక నావల్ల కాలేదు.

"ఆపెయ్" అన్నాను. "ఆపెయ్, నా చెంప చల్లగా ఉంది, నేను తప్పు చూశాను."

తూకం పిల్ల ఒక్క గెంతున స్విచ్ దగ్గరికి వెళ్ళింది. అంకె నూట పద్దెనిమిది. తన వేలు స్విచ్ మీద పడేలోపు లోపల ధబ్ మంది. పెద్ద చప్పుడేం కాదు. పక్క గదిలో తలుపేసినట్టు. తర్వాత పెంకులు రాలిన చప్పుడు.

అక్కయ్యగారు, "ఏంట్రా అది?" అంది. డ్రైవర్ స్టూలు మీంచి లేచాడు.

చల్లారేదాకా తలుపు తీయకూడదు. రెండు గంటలు కూర్చున్నాం. నా జీవితంలో అంత పొడుగు రెండు గంటలు లేవు. కూతురు రైలు టికెట్లు తీసి చూసుకుని మళ్ళీ సంచీలో పెట్టుకుంది. తూకం పిల్ల తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచింది.

తలుపు తీశాం. కింద అరలో కప్పులు రెండు పోయాయి. పై అరలో తలకి మొహం లేదు. నుదుటి నుంచి గడ్డం దాకా ఊడి ముక్కలు ముక్కలైంది. పదకొండు సార్లు పెట్టిన మీసం వేలెడంత దొరికింది. చెవులు, మెడ, తల వెనక మాత్రం అలాగే ఉన్నాయి.

డ్రైవర్ ఆ మీసం ముక్కని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"అక్క మీ మొహం పట్టుకున్నప్పుడే తెలిసింది కదండీ మీకు? అప్పుడే చెప్పుంటే ఆగేదా?"

"అప్పటికే వేడెక్కిపోయిందండీ, ఎవరూ చెప్పలేరు" అంది తూకం పిల్ల. నన్ను కాపాడబోయింది. నేను అన్ని రోజులు ఆడిపోసుకున్న పిల్ల.

"ఆగేది" అన్నాను. "తొంభై నాలుగు దగ్గర ఉంది. ఆగేది. నా పరువు చూసుకున్నాను."

అతను తలూపాడు. తిట్టినా పడేదాన్ని.

"మిగిలింది ఇటివ్వండి" అంది అక్కయ్యగారు. ఒళ్ళో పెట్టాం. ముందు వైపు వేళ్ళు వెళ్ళాయి, ఖాళీ తగిలింది, ఆగాయి. ఆవిడ మొహం చూడలేక నేను కిందికి చూశాను. తర్వాత వేళ్ళు చెవుల మీదుగా వెనక్కి వెళ్ళాయి. మెడ పైన, కుడివైపు, ఒకచోట ఆగిపోయాయి. అక్కడ చిన్న గాటు ఉంది. మట్టిలో గోరంత.

"ఇది కూడా పెట్టావురా?" అంది.

"చేతికి తగిలింది, పెట్టాను" అన్నాడు.

"నా చంకలోంచి జారిపోయావు. మెట్టు తగిలింది. నాలుగు కుట్లు." మా వైపు తిరిగి చెప్పింది, ఎవరో అడిగినట్టు. "నాకు పద్నాలుగేళ్ళు. కుట్లు ఆరేదాకా వీడి తల ఈ చేత్తో పట్టుకునే పడుకున్నాను." అరచెయ్యి ఆ గాటు మీద కప్పి, అలాగే ఉంచేసింది. "ఇది కాల్చివ్వండి. ఇది చాలు నాకు."

చాలదని నాకు తెలుసు. మొహం అడిగిన మనిషి ఆవిడ.

ఆ మధ్యాహ్నం త్రాసు దగ్గర నేనే నిలబడ్డాను. గంటకోసారి తూకం పిల్ల బరువు చదివింది, నేను రాశాను. అంకె మారడం ఆగాకే బట్టీ వెలిగించాం, ఈసారి తన చేత్తో. శనివారం పొద్దున తీస్తే చక్కగా ఎర్రగా కాలి ఉంది. దాన్ని చీరలో చుట్టుకుని ఆవిడ రైలెక్కింది.

డ్రైవర్ మూడు వారాలు రాలేదు. రాడనే అనుకున్నాను. నాలుగో వారం వచ్చాడు, నాకు నమస్కారం పెట్టి తూకం పిల్ల బల్ల దగ్గర కూర్చున్నాడు. నేను పిలవలేదు, నాకు మొహం చెల్లలేదు. మళ్ళీ తలే చేశాడు, ఈసారి మొదటినుంచీ కళ్ళు మూసుకుని. అయ్యాక త్రాసు మీద పెట్టారు, ఎనిమిది రోజులు రాసుకున్నారు.

తొమ్మిదో రోజు బయట చలి. నేను వచ్చి గొడుగు పెట్టేలోపు అతను ఎదురొచ్చాడు. ఒక చేతిలో తల, ఇంకో చేతిలో టీ గ్లాసు. గ్లాసు ముందు చాపాడు.

"ముందు ఇది చెంపకి పెట్టుకోండి పిన్నిగారూ" అన్నాడు. "తర్వాత చూద్దురుగాని."