పసుపు అక్షరాల పెన్‌డ్రైవ్

బావ ప్రోగ్రామరు. ఉత్త కంప్యూటర్‌లోకి ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించే ప్రోగ్రామ్ అతని చేతి పనే. ఆ సంగతి ఇంట్లో గోడలక్కూడా తెలుసు, అన్నిసార్లు చెప్పాడు మరి.

అతని మరదలికి పుట్టుకతోనే చూపు లేదు. చూపులేనివాళ్లకు కంప్యూటర్ నేర్పే బడిలో టీచరు. అక్కడి ల్యాబు తన చేతికి రావాలని ఆమె ఆశ. పెద్దసారు మాత్రం, "మెషీన్ పాడైతే సిస్టమ్ మళ్లీ ఎక్కించాలి కదమ్మా, దానికి కళ్లున్న మనిషి కావాలి. సోమవారం నా ముందు నువ్వొక్కదానివే ఎక్కించు, తాళాలు నీకే ఇస్తాను," అని తేల్చేశారు. చిక్కంతా అక్కడే ఉంది. సిస్టమ్ ఎక్కాక గలగలా మాట్లాడే కంప్యూటర్, ఎక్కేదాకా మూగనోము పడుతుంది.

"అదెంత పని! నా ప్రోగ్రామ్‌లో మాట కూడా పెట్టేశాను," అన్నాడు బావ. "ఈ పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చెయ్యి, అంతే."

పెట్టింది. ఆన్ చేసింది. లోపల ఫ్యాను గుయ్యిమంది. ఆమె మాట కోసం, అతను మెచ్చుకోలు కోసం చాలాసేపు కూర్చున్నారు.

"బావా, మొదలైందా?"

"ఎప్పుడో!"

"మరి మాట్లాడదేం?"

"నువ్వు బటన్ నొక్కందే ఎలా మాట్లాడుతుంది?"

"ఏ బటన్?"

"తెర మీద రాసుందిగా, ఇంతింత పసుపు అక్షరాల్లో... చూపులేనివారు ఈ బటన్ నొక్కగలరు అని."

పైకి అనేశాక గానీ తనేమన్నాడో అతనికి తెలియలేదు. మరదలు టేబులు పట్టుకుని పడీపడీ నవ్వింది. వంటింట్లోంచి బావ భార్య, మరదలి అక్క, "అక్షరాలు ఇంకాస్త పెద్దవి చేసి చూడండి!" అంది. బావకు తల కొట్టేసినట్టయింది. ఆ ప్రోగ్రామ్‌ను కంపెనీలో నలభై మంది పరీక్షించారు. నలభై మందికీ కళ్లున్నాయి.

"నవ్వింది చాల్లే గానీ, నిజం చెప్పు," అంది మరదలు కాసేపటికి. "సోమవారానికి అవుతుందా? ఇది పోతే పెద్దసారు ఇంకో అవకాశం ఇవ్వరు." ఆ గొంతులో భయం విని బావ గర్వం మొత్తం దిగిపోయింది.

రెండు రోజులు పక్కపక్కనే కూర్చున్నారు. ఆన్ చేయగానే టింగుమని మోగి, ఎవరూ ఏదీ నొక్కకుండానే మాట్లాడేట్టు మార్చాడు. "ఎర్ర భాగాన్ని ఎంచుకోండి" అని డిస్క్ గురించి ప్రోగ్రామ్ చెప్పగానే, "ఎరుపంటే ఏ పక్క బావా?" అంది. అదీ మార్చాడు. చివరికి అక్క అతని కళ్లకు తువ్వాలు కట్టి, అతని చేతే ఎక్కించింది. నాలుగుసార్లు తప్పాడు. నాలుగుసార్లూ అక్కాచెల్లెళ్లు చప్పట్లు కొట్టారు.

సోమవారం ల్యాబులో పెద్దసారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. "నువ్వు నోరు విప్పావో, అక్క మీద ఒట్టే," అని మరదలు బావను ముందే కట్టేసింది. మెషీన్ టింగుమంది. మానిటర్ మాత్రం నల్లగానే ఉండిపోయింది. బావ టేబులు కింద దూరి వైర్లు వెతకడం మొదలుపెట్టాడు.

"బావా, ఆ వైరు నేనే పీకాను. పైకి రా," అంది మరదలు. "తెర వెలిగితే పెద్దసారు దాన్నే చూస్తారు. నా పని వినరు."

ముగ్గురూ విన్నారు. భాష ఏదని మెషీన్ అడిగింది, మరదలు చెప్పింది. డిస్క్‌లో ఉన్నదంతా చెరిపేయాలా అని అడిగింది. పెద్దసారు ఉలిక్కిపడ్డారు. ఆమె తొణక్కుండా అవునంది. పావుగంటకు కంప్యూటర్ తనంతట తానే ఆగి, మళ్లీ లేచి, సిద్ధంగా ఉన్నానంది.

పెద్దసారు జేబులోంచి తాళాలగుత్తి తీసి, ఆమె ముందుకు చెయ్యి చాచారు. ఆమె కదల్లేదు. ఆయన చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. బావకు పెదవుల దాకా వచ్చింది చెప్పేద్దామని, కానీ ఒట్టుంది.

పెద్దసారుకు తట్టింది. సిగ్గుపడుతూ గుత్తిని గలగలమని ఆడించారు.

మరదలు చెయ్యి నేరుగా తాళాల మీదికి వెళ్లింది. గుత్తి గట్టిగా పట్టుకుంది. "చూశావా బావా," అంది, "నీకు రెండు రోజులు పట్టింది. సారుకు ఒక్క నిమిషం."