మూదీ అత్త కింద పెట్టిన కప్పు

మా మేనత్త మూదీ పుట్టిన ఇంట్లోకి వెళ్ళడానికి మమ్మల్ని టూరిస్టుల వరసలో నిలబెట్టారు. అక్కడే నాకు ఒళ్ళు మండిపోయింది. ఎడారి అంచున మా పాత మట్టి ఊరంతా ఇప్పుడు వారసత్వ కట్టడమట. మా ఇల్లు 'షేక్ గారి మజ్లిస్' అట, అంటే అతిథుల్ని కూర్చోబెట్టే చావడి. మా తాత షేకూ కాదు, పాడూ కాదు, ఒంటెలు మేపుకున్న మనిషి.

"నోర్మూసుకో ఘాలియా. పని మీద వచ్చాం," అంది అత్త.

పని ఒక్కటే. ఆ ఇంటి వంటగది పడగొట్టి మరుగుదొడ్లు కడతారట. మా నానమ్మ కన్నుమూసింది ఆ గదిలోనే. దాన్ని వదిలెయ్యమని అడగాలి. ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులరిగాయి గానీ ఎవడూ పట్టించుకోలేదు.

లోపల మేనేజరు రాయద్ జరీ అంగీ వేసుకుని షేక్ వేషంలో కూర్చున్నాడు. రాజధాని నుంచి వచ్చినవాడు. "నా ఇంటికి స్వాగతం," అన్నాడు. నీ ఇల్లేమిట్రా నీ మొహం, అనుకున్నాను. కాఫీ పోస్తున్నది మాత్రం మావాడే, మా బాబాయి కొడుకు నష్మీ.

అత్త కప్పు అందుకుని, పెదవికి తాకించకుండా తివాచీ మీద పెట్టింది. మా దగ్గర అలా పెడితే అతిథి ఏదో అడగాలని వచ్చినట్టు. "తాగండి, మీరడిగింది ఇచ్చినట్టే," అని ఇంటాయన అనేదాకా ఆ కప్పు ఎవరూ కదపరు. కదిపితే ఆ ఇంటి పరువు గంగలో కలిసినట్టే.

రాయద్ టూరిస్టులతో ఫోటోలు దిగుతూనే ఉన్నాడు. కాఫీ చల్లారిపోయింది.

"ఏంటి నష్మీ, పెద్దామె తాగట్లేదు?" అన్నాడు చివరికి.

అత్త మొహం వైపు నష్మీ చూడలేదు. "చేదు పడదేమో సార్. వయసైపోయింది కదా," అంటూ వంగి కప్పు తీసేశాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ కాఫీయే తాగుతున్న మనిషికి చేదు పడదట.

"ఆ కప్పు ఎందుకు పెట్టిందో నీకు తెలీదూ? సిగ్గు లేదూ?" అన్నాను లేచి.

"మెల్లగా ఘాలియా. నా ఉద్యోగం పోతుంది."

రాయద్‌కి నేనే అంతా చెప్పాను. నవ్వాడు. "ఇది షో అమ్మా. అలాంటివి ఆఫీసులో చెప్పుకోండి."

అత్త నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. కారెక్కాక కూడా నేను రాయద్‌ని తిడుతూనే ఉన్నాను.

"వాణ్ణెందుకే తిడతావ్? వేషగాడు, వాడికేం తెలుసు," అంది అత్త. ఆమె కోపమంతా నష్మీ మీద. "నష్మీకి పిల్లనివ్వమని వాడి అత్తగారి ముందు కప్పు పెట్టిందెవరు? నేను. ఆవిడ ఊఁ అనేదాకా చుక్క ముట్టలేదు."

"ఇప్పుడేం చేద్దాం అత్తా?"

"వాడింటికి పోనియ్. సాయంత్రానికి వస్తాడుగా. వాడి పెళ్ళాం కాఫీ పోస్తుంది, నేను కింద పెడతాను. వంటగది సంగతి వాళ్ళ సార్‌తో మాట్లాడతాననాలి వాడు. అక్కడ తియ్యమను చూద్దాం."

నేను కారు నష్మీ ఇంటి వైపు తిప్పాను.