అత్తమ్మ వేలికి అందిన వెబ్‌సైట్

పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయాక అనసూయమ్మను అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించింది జాకెట్టు. తొడుక్కోవాలంటే చేయి లేపాలి. లేపితే ప్రాణం పోయినంత నొప్పి. ఒకరోజు చూడలేక కోడలు కల్పలత ఆ జాకెట్టును భుజం మీదుగా కత్తిరించి, అంచులకు అంటుకునే పట్టీలు కుట్టింది. చేయి కదపకుండానే జాకెట్టు ఒంటి మీదికొచ్చింది.

అనసూయమ్మతో పాటు ఫిజియోథెరపీకి వచ్చేవాళ్ల ద్వారా ఆ మాట సికింద్రాబాద్‌లోని పద్మారావు నగర్ అంతా పాకింది. మంచాన ఉన్నవాళ్ల కోసం చొక్కాలు, నైటీలు కుట్టించుకోవడానికి మెట్టుగూడ నుంచి, రాంగోపాల్‌పేట్ నుంచి మనుషులు రాసాగారు. రాలేనివాళ్లు ఫోన్లు చేసేవారు. ఏ బట్ట ఎలా ఉంటుందో, కొలతలు ఎలా తీయాలో చెప్పడంతోనే కల్పలతకు పొద్దు గడిచిపోయేది.

“వెబ్‌సైట్ పెడదాం వదినా. ఫొటోలు, కొలతలు అన్నీ అండ్లనే ఉంటయ్,” అన్నాడు మరిది యుగంధర్. అతను సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. “కోడింగ్ గిట్ల ఏం అక్కర్లేదు. మనమే సైట్ తయారుచేస్కునే ప్లాట్‌ఫామ్‌లు ఉన్నయ్. మంచిదొకటి చూస్కోవుడే.”

ఆదివారం నాటికి మూడు ప్లాట్‌ఫామ్‌ల మీద మూడు నమూనా సైట్లు తయారుచేసి తెచ్చాడు. మొదటిదానిలో ఫొటోలు వాటంతటవే జారుతూ వస్తున్నాయి. రెండోదానిలో ఆఫర్లు, కూపన్లు, లేని సదుపాయం లేదు. మూడోది మాత్రం తెల్లగోడ మీద రాసిన బోర్డులా ఉంది. కల్పలత మనసు మొదటిదాని మీదే పడింది.

“పెద్ద షాపు లెక్క ఉన్నది కదా!” అంది మురిసిపోతూ.

కుర్చీలో కూర్చున్న అనసూయమ్మ చెయ్యి చాపింది. “నాకు సుత జెర చూపియ్‌రా.”

ఫోను ఒళ్లో పెట్టుకుని ఎడమచేతి వేలితో నొక్కబోయింది. వేలు ఆనేలోపే ఫొటో జారిపోయింది.

“ఆగదేందిరా ఇది? ఉరుకుతనే ఉన్నది.”

రెండోది తెరిచింది. బట్టలు కనబడకముందే ఆఫరు చీటీ ఒకటి తెరంతా కప్పేసింది. దాన్ని మూయడానికి మూలన నువ్వుగింజంత గుర్తు. ఎన్నిసార్లు నొక్కినా వేరే ఏదో తెరుచుకుంటోంది. యుగంధర్ సాయం చేయబోయాడు.

“నువ్వు నొక్కకు. కొనేటోళ్ల ఇండ్లల్ల నువ్వుంటవా?”

కల్పలత ఉలిక్కిపడింది. ఇంతసేపూ సైట్ ఎంత గొప్పగా కనబడుతుందా అనే చూసింది. అది తెరిచే చేతులు ఎలాంటివో ఆలోచించనే లేదు.

మూడోదానిలో పెద్ద పెద్ద తెలుగు అక్షరాలు కదలకుండా నిలబడ్డాయి. అనసూయమ్మ ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ జాకెట్టు, రంగు, కొలత నొక్కింది. ‘మీ ఆర్డర్ అందింది’ అని వచ్చింది.

“నా జాకెట్ నేనే కొనుక్కున్నరా!” అంటూ, జబ్బు చేశాక మొదటిసారి ఆమె పగలబడి నవ్వింది.

“అమ్మా, నిన్ను మా టెస్టింగ్ టీంల పెట్టుకోవాలె,” యుగంధర్ కూడా నవ్వాడు. “కానీ వదినా, ఇది మరీ సాదాగ ఉంటది.”

“ఉండనియ్. కొత్త బట్ట కుట్టినప్పుడు ఫొటో నేనే పెట్టుకోవచ్చా?”

“పెట్టుకోవచ్చు. వాట్సాప్‌ల పెట్టినంత అల్కగ.”

“గట్లయితే ఇదే కానియ్.”

సైట్ మొదలయ్యాక కొన్నాళ్లపాటు తెలిసినవాళ్లే చూశారు. తర్వాత ఒక మధ్యాహ్నం ఖమ్మం నుంచి ఆర్డర్ వచ్చింది. కాసేపటికే ఫోన్.

“అమ్మా, నా పేరు జకర్యా. బడిపంతులుగ చేసిన. మంచాన పడ్డప్పటి సంది మా బిడ్డ ఏది తెస్తే అదే తొడుక్కుంటున్న. ఇయ్యాల నేనే చూసి నీలంరంగు చొక్కా ఎంచుకున్న.” ఆయన కాస్త మొహమాటపడ్డాడు. “జేబు సుత పెడ్తరా? పెన్ను పెట్టుకోవాలె.”

మంచంలో ఉన్న మనిషికి జేబెందుకని కల్పలత ఇన్నాళ్లూ ఏ చొక్కాకూ పెట్టలేదు.

“తప్పకుండ పెడ్త సార్,” అంది.

నీలం గుడ్డ పరిచి ముందు జేబు కత్తిరించింది. ఆ తర్వాత యుగంధర్‌ని పిలవకుండా తనే సైట్ తెరిచి, చొక్కాలన్నిటి కింద పెద్ద అక్షరాలతో రాసింది: ‘జేబు కావాలా?’