ఉప్పు దిగిన స్తంభం

సూరన్న ముప్పయ్యేళ్లుగా ఫిషింగ్ హార్బర్‌లో ఎండుచేపల టోకు వ్యాపారం చేస్తున్నాడు. బేరంలో ఎదుటివాడు ఎంతదాకా దిగుతాడో మొహం చూసి చెప్పగలడు. అలాంటివాడు ఉన్న రెండు బోట్లూ అమ్మి, చినవాల్తేరులో కుక్క కూడా మొరగని వీధిలో ఆరు ఫ్లాట్ల పాత అపార్టుమెంటు కొన్నాడు. తన తండ్రి యేసుదానం కట్టించిన ఆ మేడని దాని ఓనరు హెన్రీ బేరమే ఆడకుండా, సూరన్న చెప్పిన ధరకే ఇచ్చేసి, రిజిస్ట్రేషన్ అయిన సాయంత్రమే బెంగళూరు రైలెక్కాడు. అదంతా తన తెలివే అనుకున్నాడు సూరన్న.

భార్య తవిటమ్మకి నచ్చలేదు. "పాడైపోయిన సేపలు కూడా బేరమాడే అమ్ముతారు. ఆడికేటంత తొందర?" అంది.

ఆ మాట చెవిన పెట్టకుండా, అద్దె పెంచుతున్నానని చెప్పడానికి వెళ్లాడు. అయిదు ఫ్లాట్లు అప్పటికే ఖాళీ. కింద వాటాలో రిటైరైన టీచరు ప్రేమలీల ఒక్కావిడే ఉంది. గొడవకి సిద్ధపడి వెళ్లినవాడికి ఆవిడ కాఫీ ఇచ్చింది. ఆదివారం చర్చి అయ్యాక తానూ పెందుర్తి వెళ్లిపోతున్నానని చెప్పి, అతన్ని వెనక పార్కింగులోకి తీసుకెళ్లింది.

అక్కడ మూల స్తంభం మీద నిలువునా పగులు. పక్కన పెన్సిలు గీత, ఒక తేదీ. దాని పైన ఇంకో గీత, ఇంకో తేదీ. పగులు ఎంతవరకూ పాకిందో ఆవిడ మూడు నెలలకోసారి గీస్తూ వచ్చింది. మొదటి గీతలు వేలెడు ఎడంలో ఉన్నాయి. చివరి రెంటికీ మధ్య జానెడు.

సూరన్న ఒక పెచ్చు ఊడదీసి నాలిక మీద పెట్టుకున్నాడు. ఉప్పుతో బతికిన మనిషి, వెంటనే తెలిసిపోయింది. సముద్రపు ఇసుకతో కట్టారు. లోపలి ఇనుము తుప్పుపట్టి పొరలు పొరలుగా రాలుతోంది.

"హెన్రీకి తెలుసా?"

"తెలిసే కదా బాబూ వెళ్లిపోయాడు. నువ్వు పడగొట్టడానికే కొన్నావనుకున్నాం మేమంతా."

పడగొట్టి కట్టే స్తోమత సూరన్నకి మిగల్లేదు. ఆ వారంలోనే బ్రోకరు గవర్రాజు, అమ్మాయిల హాస్టలు నడిపే సన్యాసిరాజుని వెంటబెట్టుకొచ్చాడు. మేడ మొత్తం అద్దెకి కావాలన్నాడు సన్యాసిరాజు. సూరన్న లెక్క వేసుకున్నాడు. పగులు బీము దాకా పాకడానికి ఇంకా నిలువెత్తు ఉంది. మూడు నెలలకి జానెడు చొప్పున ఏడాదికి పైనే పడుతుంది. పదకొండు నెలలకి అగ్రిమెంటు రాసి, ఆ వచ్చిన అద్దెతో పడగొట్టించవచ్చు. గీతల మధ్య ఎడం పెరుగుతూ వచ్చిందన్న సంగతిని మాత్రం లెక్కలోకి రానివ్వలేదు.

"మనుసులు తొంగునే ఇల్లది," అంది తవిటమ్మ, పగులు సంగతి విని.

"నాను సూసుకుంటాను," అన్నాడు.

స్తంభానికి సిమెంటు పూయించి రంగు కొట్టించాడు. గీతలు కనపడకుండా పోయాయి. నలభై రెండు మంది అమ్మాయిలు పెట్టెలతో, పరుపులతో దిగారు.

మూడో రోజు వెళ్లిన సూరన్న గేటు దగ్గరే ఆగిపోయాడు. క్రేను ఒక నల్లటి నీళ్ల ట్యాంకుని మేడ మీద వెనక మూలకి దించుతోంది. అప్పటికే పైన మూడున్నాయి.

"ఇదేటి రాజుగారూ?"

"ఇంతమంది తానాలకి పాత ట్యాంకు ఏ మూలకొస్తాది బావా? ఒక్కోటి అయిదు వేల లీటర్లు."

నాలుగూ నిండితే ఇరవై టన్నులు. ఒక పెద్ద బోటు సరుకు, సరిగ్గా ఆ స్తంభం నెత్తిన. చెప్పాలని సూరన్న నోరు తెరిచాడు. చెబితే ముందే తెలుసని ఒప్పుకున్నట్టే. నాలుగూ నింపాలా అని మాత్రం అడిగాడు. ఖాళీ ట్యాంకులు చూసుకోవడానికా అని నవ్వి, సన్యాసిరాజు మోటారు వేయించాడు.

పైన నీళ్లు పడుతున్న చప్పుడు మొదలైంది. సూరన్న అక్కణ్ణించి కదల్లేదు. గంట గడిచింది. రెండో అంతస్తు బాల్కనీలోంచి ఒక అమ్మాయి తల దువ్వుకుంటూ కిందికి వంగింది.

"ఓనరంకుల్, మా వెనక మూల రూము తలుపు గుమ్మానికి పట్టేస్తంది. పొద్దున్న బాగానే మూసుకుంది."

"వడ్రంగిని పంపిస్తానమ్మా," అన్నాడు సూరన్న, గేటు బయటే నిలబడి.